జమ్మిచెట్టు మీది శవం

దసరా నాడు పొద్దు వాలుతుంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో జనం జమ్మి దగ్గరికి కదులుతారు. దారిలో పాలపిట్ట కనబడాలని ఆకాశం వంక చూస్తారు. జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, ఈడువాళ్లతో అలాయ్‌బలాయ్ చేసుకుంటారు. పండుగ పూట సిరిసిల్లలో సాంచాలకు, పల్లెల్లో నాగలికీ ట్రాక్టరుకూ పసుపు కుంకుమలు పడతాయి. పోలీసు ఠాణాల్లో తుపాకులను వరుసగా పేర్చి పూజ చేస్తారు. బట్ట నేసే యంత్రానికీ ప్రాణం తీసే ఆయుధానికీ ఆ రోజు ఒకటే బొట్టు. ఈ ఆచారాన్ని నేను తప్పు పట్టను. కానీ దీనికి మూలమని చెప్పుకునే విరాటపర్వ కథలో ఏటా మనం దాటేసే సంగతి ఒకటి ఉంది. అజ్ఞాతవాసానికి పోయే ముందు పాండవులు ఆయుధాలు దాచిన జమ్మిచెట్టు శ్మశానం దగ్గరిది. నకులుడు చెట్టెక్కి విల్లులూ కత్తులూ కట్టాక, వాటితోపాటు ఒక శవాన్ని కూడా కట్టారు. ఎవరైనా అడిగితే అది 180 ఏళ్ల మా తల్లి శవమనీ, చనిపోయినవాళ్లను ఇలా చెట్టుకు కట్టడం మా వంశాచారమనీ చెప్పుకుంటూ ఊళ్లోకి నడిచారు. మన పల్లెల్లో చెప్పే కథలోనైతే ఆయుధాల మూటనే శవంలా కట్టారంటారు. ఏ కథ తీసుకున్నా, పక్కన పెట్టిన ఆయుధం లోకానికి కనబడింది శవంగానే.

వాడకం అయిపోయిన ఆయుధానికి మనం ఏం చెయ్యాలన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. అది మ్యూజియం వాళ్లదో రక్షణశాఖదో అనుకుని వదిలేసేది కాదు. తెలుగు నేల మీద ఆ ప్రశ్నకు అందరికీ కనబడే రూపం విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నిలబెట్టిన టీయూ-142 విమానం. సోవియట్ యూనియన్‌లో అణుబాంబులు మోయడానికి తుపొలెవ్ సంస్థ తయారు చేసిన టీయూ-95 బాంబర్‌ను సముద్రం మీద జలాంతర్గాముల వేటకు మలిస్తే అది టీయూ-142 అయింది. పొడవు 53 మీటర్లు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 50 మీటర్లు, నాలుగు ఇంజన్లకూ ఒకదానికొకటి ఎదురు తిరిగే జంట ప్రొపెల్లర్లు. 1988లో మన నౌకాదళంలో చేరిన ఈ విమానాలు మొదట గోవా నుంచి, తర్వాత తమిళనాడులోని అరక్కోణం నుంచి 29 ఏళ్లు ఎగిరాయి. 2017 మార్చి 29న వాటికి వీడ్కోలు చెప్పారు. వాటిలో ఒకటి విశాఖకు వచ్చింది. దాన్ని భాగాలుగా విప్పి బీచ్ రోడ్డుకు చేర్చి, మళ్లీ కూర్చి, లోపల నడిచి చూసేలా తీర్చిదిద్దారు. ఆ ఏడాది డిసెంబర్ 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. రోడ్డుకు అవతల ఇసుకలో 2002 నుంచి ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. విశాఖ చూడబోయిన కుటుంబాలు చాలావరకు ఈ రెండూ చూసే వస్తాయి. ఆ విమానాన్ని అలాగే ఉంచాలనే నా వాదన. దాన్ని కరిగించకూడదు, దానిలాంటివాటిని మళ్లీ ఎగరేయకూడదు. అయితే మెరిసే యంత్రంగా ఒంటరిగా ఉంచితే మనం ధర్మంలో సగమే చేసినట్టు. జమ్మి మీద ఆయుధం పక్కన ఉన్నది ఇక్కడ కూడా ఉండాలి.

శవం అనేది దొంగలు దగ్గరికి రాకుండా వేసిన ఎత్తు మాత్రమే, అందులో ధర్మసూక్ష్మం వెతకడం అతిగా చదవడమేనని ఒక ఆక్షేపణ. ఎత్తే, కాదనను. కానీ ఆ ఎత్తు ఎందుకు పారింది? చావును చూసిన చెయ్యి వెనక్కి పోతుంది కాబట్టి. విరాటరాజు కొడుకు ఉత్తరకుమారుడి సంగతి చూడండి. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవసేనను ఒంటిచేత్తో గెలుస్తానన్న పిల్లవాడు, బృహన్నల వేషంలోని అర్జునుడు చెట్టెక్కమనగానే రాజపుత్రుణ్ణి, శవాన్ని ఎలా ముట్టుకుంటానని జంకాడు. అది శవం కాదు, పాండవుల ఆయుధాలని అర్జునుడు చెప్పాకనే ఎక్కాడు. కట్టు విప్పగానే బంగారు పొదుగులతో విల్లులు ధగధగలాడాయి. ఇది ఎవరిది, అది ఎవరిదని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. యుద్ధం చూడని కుర్రవాడికి ఆయుధం మొదట చావుగా, ఆ తర్వాతే తళుకుగా కనబడిన వరుస అది. ఇవాళ పదేళ్ల పిల్లవాడు మ్యూజియంలో అడుగుపెడితే మొదట కనబడేది తళుకు. ఇంజన్ బలం, రెక్క పొడవు, ఎన్ని వేల కిలోమీటర్లు పోగలదు అన్న అంకెలు తర్వాత. ఆ అంకెలు అబద్ధాలు కావు, పిల్లలకు వాటి మీదుండే ఇష్టమూ తప్పు కాదు. వరుస తప్పింది, అంతే. మొదటిది రాకుండా రెండోదే వచ్చింది.

పాత ఆయుధాలను కొలిచే సొంత సంప్రదాయం తెలుగువాళ్లకు ఉంది. అది ఈ విషయంలో మ్యూజియాల కంటే ఎంతో లోతైనదని నా నమ్మకం. పల్నాడులోని కారెంపూడిలో కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోరాడిన వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని తీసుకొచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడికి చేరుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు దాటి చివరి రోజు కళ్లిపాడు. ఆ రోజు భక్తులు యుద్ధంలో పడ్డవాళ్లలా నేల మీద ఒరిగిపోతారు. మందపోరు నాడు కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తినే చాపకూడు. అన్నదమ్ములు ఒకరినొకరు నరుక్కున్న యుద్ధాన్ని తలుచుకోవడానికి మన పెద్దలు ఏర్పాటు చేసుకున్న పద్ధతి ఇది. ఆయుధానికి పసుపు కుంకుమలు దక్కుతాయి. కానీ ఉత్సవం ఆయుధంతో ముగియదు, నేల మీద పడిన మనుషులతో ముగుస్తుంది. ఊరూరా కనబడే వీరగల్లుల్లోనూ కత్తి ఒంటరిగా ఉండదు, పోరాడి చచ్చిన మనిషి చేతిలో ఉంటుంది. మనిషి లేని కత్తిని మాత్రమే చెక్కిన రాయి ముందు తరతరాలు కొబ్బరికాయ కొట్టడం ఊహించలేం.

జగిత్యాల, సిరిసిల్ల నేలకు ఇది ఇంకో రకంగా తెలుసు. 1978 సెప్టెంబర్ 9న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాలు ఈ పల్లెలు రెండు వైపుల తుపాకుల మధ్య బతికాయి. పోలీసులూ చనిపోయారు, నక్సలైటు దళాల్లోని పిల్లలూ చనిపోయారు, ఇటూ అటూ కానివాళ్లూ చనిపోయారు. ఎర్ర స్థూపాలు లేచాయి, కొన్ని కూలాయి. పోలీసు అమరులకు వేరే స్తంభాలు లేచాయి. ఎవరి పక్షం న్యాయమన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. గమనించాల్సింది ఒకటే: ఆ స్థూపాల మీదా ఈ స్తంభాల మీదా ఉన్నవి పేర్లు. తుపాకీ ఏ కంపెనీది, ఎంత దూరం కొడుతుందని వాటి మీద ఎవరూ రాయలేదు. యుద్ధం గుమ్మంలోకి వచ్చి పోయిన చోట జనం మనుషుల పేర్లు రాసుకుంటారు. యుద్ధం దూరంగా జరిగిన చోట యంత్రం పేరు రాసుకుంటారు. ఆయుధాన్ని చూపించే చోట పేర్లు లేవు, పేర్లు రాసిన చోట ఆయుధం లేదు. ఈ రెండూ కలవకపోవడమే నన్ను బాధిస్తున్నది.

ఇప్పుడు అసలు బలమైన ఆక్షేపణ. టీయూ-142 బాంబులతో ఊళ్లు తగలబెట్టిన విమానం కాదు. ఈ విమానాల దళం 29 ఏళ్లలో ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరింది, తీరానికి కాపలా కాసింది, సముద్రపు దొంగలను వెతికింది. దాని పక్కన శవాన్ని కట్టమనడం నిందవేయడం కాదా అంటారు. దీనికి తోడు వేదాంతపు ఆక్షేపణ కూడా ఉంది: విమానం జడం, కర్మ కర్తది కానీ పనిముట్టుది కాదు, గీతలో అర్జునుడంతటివాణ్ణే నిమిత్తమాత్రుడివి కమ్మన్నాడు కృష్ణుడు, ఇనుముకు పాపమేమిటి? రెండో మాట ముందు తీసుకుందాం. జడానికి పాపం లేనిది నిజమే అయితే జడానికి పుణ్యమూ లేదు, గౌరవమూ లేదు. అప్పుడు దసరా బొట్టు కూడా అర్థం లేనిదవుతుంది. సాంచాకు బొట్టు పెట్టే నేతకారుడు దానికి ఆత్మ ఉందని వాదించడు. దాని వల్ల తనకు ఏం జరుగుతున్నదో గుర్తు పెట్టుకుంటాడు. పూజ ఆ గుర్తు. బువ్వ పెట్టే యంత్రం ముందు బువ్వను తలుచుకున్నట్టే, ప్రాణం తీసేందుకు చేసిన యంత్రం ముందు ప్రాణాన్ని తలుచుకోవాలి. ఇందులో యంత్రం మీద నేరం మోపడం లేదు. మన గుర్తును సరిచేసుకుంటున్నాం.

ఇక మొదటి మాట. ఈ విమానం దేన్ని వేటాడటానికి తయారైందో తెలియాలంటే రోడ్డు దాటి కురుసురలోకి పోతే చాలు. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో సెలవు తీసుకున్న ఆ జలాంతర్గామిలో 75 మంది దాకా ఉండేవాళ్లు. ఒక మనిషి పక్కకు తిరిగి నడవాల్సిన సందులు, టార్పెడోల పక్కనే పడకలు. టీయూ-142 సముద్రంలోకి వినికిడి పరికరాలు జారవిడిచి, నీటి కింద చప్పుడు పట్టి, టార్పెడో వదలగలిగింది ఇలాంటి ఇనుప గొట్టాల మీదికే, ఇలా పడుకున్న మనుషుల మీదికే. వేటగాడినీ వేటనూ ఒకే సాయంత్రం, ఒకే రోడ్డుకు ఇటూ అటూ చూడగలిగిన చోటు లోకంలో ఎక్కువ ఉండవు. ఇంకో సంగతి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి ఈ తీరానికి కొంత దూరంలోనే మునిగింది. మన నౌక వేసిన పేలుడు పదార్థాల వల్లనా, దానిలోని మందుపాతరల వల్లనా అన్నదాని మీద రెండు దేశాల మాట వేరు. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదన్న దాంట్లో తేడా లేదు. వాళ్లు ఇంకా అక్కడే, ఆ నీళ్ల కిందే ఉన్నారు. టీయూ-142 ఎవరినీ చంపలేదన్న మాట దాని అదృష్టం, మన అదృష్టం కూడా. ఆ అదృష్టం విలువ తెలియాలన్నా జరిగుంటే ఏమయ్యేదో పక్కన కనబడాలి.

ఆకాశం నుంచి వచ్చే చావు తెలుగువాళ్లకు పుస్తకాల్లోని విషయం కాదు, మనం దాన్ని మరిచిపోయాం. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ నగరపు రేవులో బస్తాలు మోసినవాళ్లలో ఎందరో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి పోయిన తెలుగు కూలీలు. మిగిలినవాళ్లలో వేలమంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, దారిలోనే రాలిపోయినవాళ్లకు లెక్కలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం మళ్లింది, ఆ తర్వాత అదే రంగూన్ మీద ఈసారి ఇంగ్లీషువాళ్ల, అమెరికన్ల లిబరేటర్ బాంబర్లు బాంబులు వేశాయి. అక్కడే మిగిలిపోయిన మనవాళ్లు శత్రువు బాంబుల కింద ఉన్నారు, మిత్రుల బాంబుల కిందా ఉన్నారు. కోరుట్ల, జగిత్యాల వైపు ఇళ్లకు ఈ భయం తర్వాత గల్ఫ్ దారిలో వచ్చింది. 1990లో కువైట్ మీదికి ఇరాక్ సేనలు వచ్చినప్పుడు ఎయిరిండియా విమానాలు 1,70,000 మందికి పైగా భారతీయులను తీసుకొచ్చాయి. ఒక విమానం దించితే బతుకు, ఇంకొకటి దించితే చావు. ఆకాశం వైపు చూసి పాలపిట్టను వెతికే జనానికి ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ లిబరేటర్ల గతి కూడా ఇక్కడ చెప్పాల్సిందే, ఎందుకంటే కరిగించాలా, ఎగరేయాలా అన్న ప్రశ్నలు రెండూ అందులో ఉన్నాయి. అమెరికాలో 18,000కు పైగా తయారైన బాంబర్ అది. యుద్ధం అయిపోయాక, అరువు ఒప్పందం మీద ఇంగ్లీషువాళ్ల దగ్గరున్నవాటిని ఎగరకుండా చెయ్యాలని కాన్పూర్‌లో పడేసి పాడుచేశారు. స్వతంత్రం వచ్చిన కొత్తలో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివాళ్లు ఆ శిథిలాల్లోంచి ఒక్కొక్కటే బాగుచేసి నలభై దాకా లేపారు. 1948లో వైమానిక దళంలో బాంబర్ దళమే వాటితో మొదలైంది, 1968 దాకా ఎగిరాయి. ఇవాళ లోకంలో మిగిలిన లిబరేటర్లలో కొన్ని మన దేశం కాపాడినవే. ఒకటి పాలం మ్యూజియంలో ఉంది, మిగిలినవి ఇంగ్లండ్, అమెరికా, కెనడా మ్యూజియాలకు పోయాయి. అమెరికాకు చేరినవాటిలో ఒకదాన్ని కాలింగ్స్ ఫౌండేషన్ తిరిగి ఎగిరేలా బాగుచేసి, నైన్-ఓ-నైన్ అనే బీ-17 బాంబర్‌తో కలిపి ఊరూరా తిప్పింది. 2019 అక్టోబర్ 2న కనెక్టికట్‌లో ఆ బీ-17 కూలి ఏడుగురు చనిపోయారు. 2022 నవంబర్ 12న డాలస్ ప్రదర్శనలో ఇంకో బీ-17, ఒక పాత యుద్ధవిమానం ఢీకొని ఆరుగురు పోయారు. ఎగరని విమానం చచ్చిన విమానమే, ఇంజన్ హోరు వింటేనే ఆనాటి కుర్రవాళ్ల ధైర్యం అర్థమవుతుందని ఎగరేసేవాళ్ల వాదన. ఆ ప్రేమ నిజమైనదే. కానీ జ్ఞాపకం కోసం ఎగిరిన బాంబర్ కొత్త చావులను తెచ్చినప్పుడు, యుద్ధం ఆగిన తర్వాత కూడా ఆయుధానికి మనుషులను అప్పగిస్తున్నట్టే. పక్కన పెట్టినదాన్ని పక్కనే ఉంచాలి.

అలాగైతే కరిగించేస్తే పోలేదా? విమానవాహక యుద్ధనౌక విక్రాంత్‌ను 2014లో ముంబైలో విరిచారు, ఆ ఇనుము కొంత బజాజ్ బైకుల్లోకి పోయింది. విరాట్‌ను 2020లో అలంగ్ తీరానికి తుక్కుకింద పంపారు. యుద్ధనౌక బైకు కావడంలో అందమైన ఆశ ఉంది, అది నన్నూ తాకుతుంది. భారతం కూడా ఈ పక్షం చెబుతుందంటారు: మహాప్రస్థానంలో అగ్నిదేవుడు ఎదురొచ్చి, గాండీవాన్ని వరుణుడికి తిరిగి ఇమ్మంటే అర్జునుడు దాన్ని నీళ్లలో విడిచాడు. నిజమే, అయితే అక్కడ గాండీవం నాశనం కాలేదు, అరువు తెచ్చినది అసలువాడికి చేరింది. పైగా అర్జునుడు అప్పటిదాకా దాన్ని వదల్లేకపోయాడని కూడా కథే చెప్పింది. దానికి ముందే మౌసలపర్వంలో ఇంకో ఆయుధం కూడా సముద్రంలో పడింది. శాపం వల్ల పుట్టిన రోకలిని యాదవులు అరగదీసి, పొడిచేసి, సముద్రంలో పోశారు. ఆ పొడి తుంగగా మొలిచి వాళ్ల చేతుల్లోకే వచ్చింది, మిగిలిన ముక్క బోయవాడి బాణపు మొనై కృష్ణుణ్ణే తాకింది. ఆయుధం పోయింది, తప్పు గుర్తు లేకుండా పోయింది, ద్వేషం మాత్రం మిగిలింది. ఆ కథ నాకు చెబుతున్నది ఇదే: పొడి చేయడం ప్రాయశ్చిత్తం కాదు. విక్రాంత్ ఇనుముతో నడిచే బైకును చూసి 1971 డిసెంబర్‌లో కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవుల మీద ఏం జరిగిందో ఎవరూ తలుచుకోరు. టీయూ-142 ఉంది కాబట్టి ఇంకా అడగగలుగుతున్నాం.

సైనికుల మనసు నొచ్చుకుంటుందన్నది మిగిలిన ఆక్షేపణ. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ చావును దాచిపెట్టి సైనికుణ్ణి గౌరవించలేం, చావు ఉన్నదని తెలిసి అటు పోవడమే అతని ధైర్యం కదా. ఇంకా కష్టమైన మాట, శత్రువు చావును కూడా మన గడ్డ మీద రాయాలా అన్నది. గెలిచిన రాజు ఆ పని చేసిన ఉదాహరణ ఒకటి మన నేల మీదే, కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ల మీద ఉంది. అశోకుడి పదమూడో శాసనం కళింగలో లక్ష మంది హతులయ్యారనీ, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించామనీ, ఇంకెన్నో రెట్లు చచ్చిపోయారనీ చెప్పి పశ్చాత్తాపపడుతుంది. కళింగలో ధౌళి దగ్గర చెక్కించిన శాసనాల్లో మాత్రం ఆ పదమూడోది లేదు. దెబ్బతిన్న ఊరిలో పెట్టే సాహసం ఆయనకూ కలగలేదేమో. స్త్రీపర్వంలోనైతే ధర్మరాజు ఆ సాహసమూ చేశాడు. యుద్ధం ముగిశాక రెండు వైపులా పడ్డవాళ్లందరికీ, ఏ దేశం నుంచి వచ్చారో, ఎవరివాళ్లో తెలియని దిక్కులేనివాళ్లకు కూడా, దహనం చేయించమని విదురుణ్ణీ సంజయుణ్ణీ పంపాడు. తర్వాత గంగలో నీళ్లు వదిలే వేళకే కర్ణుడు తన అన్న అని తెలిసింది. శత్రువుగా చంపినవాడు ఎవరో తర్పణం దగ్గరే తెలుస్తుంది.

అందుకే నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. టీయూ-142 గుమ్మంలో, ఇంజన్ వివరాల కంటే ముందు, మూడు పలకలు ఉండాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖలో పోయినవాళ్ల పేర్లు ఒకదాని మీద, రంగూన్ నుంచి తిరిగిరాని తెలుగు కూలీలకు ఒకటి, ఘాజీలో ఉన్న నావికుల పేర్లతో మూడోది. పేర్లు దొరకని చోట సంఖ్య, సంఖ్య తేలని చోట తేలలేదన్న మాటే రాయొచ్చు. ఘాజీలో ఉన్నవాళ్ల పేర్లు పాకిస్తాన్ నౌకాదళం దగ్గర ఉండే ఉంటాయి. వాటిని అడిగి తెప్పించడానికి మన నౌకాదళం ఉత్తరం రాయాలి. రాయమని అడగడానికి టికెట్ కొని ఆ మెట్లెక్కే జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలకు ఎంత హక్కుందో విశాఖవాళ్లకూ అంతే ఉంది.